రాజ్యాంగ తొలి ముసాయిదా రూపకర్త బి.ఎన్. రావు

పరాయి పాలన అంతరించి నూతన రాజ్యం అవతరించినప్పుడు పాత చట్టాలన్నీ ఒక్కసారిగా రద్దయితే భూమి హక్కులు, పన్నుల వసూళ్లు, న్యాయస్థానాల తీర్పులు నిరాధారమవుతాయి. భారతదేశానికి అట్టి చిక్కు ఎదురుకాకుండా జరిగిన కృషిలో భాగస్వామి అయిన న్యాయకోవిదుడు బెనగళ్ నర్సింగ్ రావు.

ఆయన 1887 ఫిబ్రవరి 26న మంగళూరులో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోను విద్యనభ్యసించి ఐ.సి.ఎస్.లో చేరారు. 1935 భారత ప్రభుత్వ చట్టానికి అనుగుణంగా అప్పటి శాసనాలన్నింటినీ సవరించే బృహత్కార్యాన్ని 1937 నాటికి పూర్తి చేశారు. అనంతరం కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా, జమ్మూ కాశ్మీర్ ప్రధానమంత్రిగా పనిచేశారు.

1946లో రాజ్యాంగ సభకు సలహాదారుగా నియమితులై, వేతనం స్వీకరించకుండా సేవలందించారు. 1947 జూలై 18న ఆమోదం పొందిన భారత స్వాతంత్ర్య చట్టం, కొత్త శాసనాలు వచ్చే వరకు పాత చట్టాలు కొనసాగుతాయని నిర్దేశించింది. అవసరమైన మార్పులను ఉత్తర్వుల ద్వారా చేసే అధికారాన్ని గవర్నర్ జనరల్‌కు ఇచ్చింది.

శ్రీ రావు 1947 అక్టోబరులో రాజ్యాంగ తొలి ముసాయిదాను సిద్ధం చేశారు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ అధ్యక్షతన గల ముసాయిదా సంఘం దానిని పరిశీలించి తుదిరూపునిచ్చింది. నెల్లూరు జిల్లాలో జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఆ సంఘంలో సభ్యులు. రాజ్యాంగంలోని 395వ అధికరణం స్వాతంత్ర్య చట్టాన్ని, 1935 చట్టాన్ని రద్దు చేయగా, 372వ అధికరణం ఇతర చట్టాలను కొనసాగించింది. 1950 జనవరి 26న వెలువడిన ఉత్తర్వుతో శాసనాలలో బ్రిటిష్ రాజరికాన్ని సూచించే పదం స్థానే ప్రభుత్వమనే పదం చేరింది. భారత్ గణతంత్రమైనా తమ దేశంలో భారత్‌కు సంబంధించిన చట్టాలు యథాతథంగా అమలయ్యేందుకు బ్రిటిష్ పార్లమెంటు 1949లో ప్రత్యేక శాసనం చేసింది.

బర్మా రాజ్యాంగ రచనకు సైతం శ్రీ రావు తోడ్పడ్డారు. 1950 జూన్‌లో కొరియా యుద్ధం ఆరంభమైనప్పుడు ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఆయనే అధ్యక్షులు. 1952లో అంతర్జాతీయ న్యాయస్థానం న్యాయమూర్తిగా బాధ్యతలు చేపట్టి, 1953 నవంబరు 30న జ్యూరిచ్‌లో కన్నుమూశారు.

1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న కొత్త సంహిత అమలులోకి వచ్చింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం మాత్రం నేటికీ అమలులో ఉంది. పాలకులు మారినా పౌరుల హక్కులకు, ఒప్పందాలకు భంగం కలగరాదన్న ఆ నాటి నిర్ణయమే ఇందుకు ఆధారం.