అనుభవము, ఆస్తిక్యము, ఆఖ్యానము : విశ్వనాథ సత్యనారాయణగారి నవలారచన

కావ్యమునకు హేతువేది యను ప్రశ్నకు మమ్మటాచార్యుడు శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడింటిని కలిపి ఒక్క హేతువుగా నిరూపించెను. వీనిలో నిపుణత యనునది లోకమును, శాస్త్రములను, కావ్యములను పరిశీలించుటవలన కలుగును. ఆలంకారికులు శాస్త్రముకంటె ముందు లోకమును నిలుపుట గమనింపదగినది. అయితే కవి తాను చూచిన లోకము, తాను పడిన దుఃఖము, తాను నమ్మిన దైవము కావ్యములో ఏ రూపమున ప్రవేశించును? వానిని యథాతథముగా వ్రాసిన అది చరిత్రయగును గాని కావ్యము కాదు. వానిని పూర్తిగా విడిచిన ప్రాణము లేని వాక్యరాశి మిగులును.

సీతమ్మధారలోని మా యింటికి వచ్చు పరిశోధక విద్యార్థులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. వేయిపడగలు నవలలోని ధర్మారావు విశ్వనాథవారేనా యని. అవునన్నను కాదన్నను సగము సత్యమే చెప్పినట్లగును. వారి జీవితమును ఆ నవల ప్రక్కన నిలిపి చూచిననే సమాధానము లభించును.

విశ్వనాథ సత్యనారాయణగారు 1895 సెప్టెంబరు 10వ తేదీన కృష్ణా జిల్లా నందమూరు గ్రామమున జన్మించిరి. తల్లి పార్వతమ్మ, తండ్రి శోభనాద్రి. శోభనాద్రిగారు మహాదాత, శివభక్తులు. కాశినుండి శివలింగమును తెచ్చి స్వగ్రామమున విశ్వేశ్వరుని ప్రతిష్ఠించిరి. ఇచ్చుటయే గాని కూడబెట్టుట యెరుగని ఆ చేతిమీదుగా ఆస్తి క్రమముగా హరించిపోయెను. కలిమిని చూచిన కన్నులతోనే కుమారుడు లేమిని కూడ చూడవలసివచ్చెను. కాని ఆ లేమిని తండ్రి దోషముగా ఆయన యెన్నడును భావింపలేదు. ఇచ్చినవాని చేయి తరిగినను ధర్మము తరుగలేదను నమ్మకము ఆ బాల్యముననే నాటుకొనెను. ఆ నమ్మకమే తరువాత నవలకు పునాది యయ్యెను.

బందరులో చదువుకొనుచున్న కాలమున చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి శిష్యరికము లభించెను. తిరుపతి వేంకట కవులలో ఒకరైన ఆ గురువువద్ద పద్యవిద్య మాత్రమే కాక, పండితుడు సభలో తల వంచనక్కరలేదను ధైర్యము కూడ అలవడెను. సహాయ నిరాకరణోద్యమకాలమున సత్యనారాయణగారు బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకులైరి. 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు స్థాపించిన ఆ విద్యాలయము స్వదేశీయ విద్యకు ఒక ఆశాజ్యోతి. దాని వెలుగు క్రమముగా తగ్గుటను కూడ వారు దగ్గరనుండి చూచిరి. పిమ్మట గుంటూరు క్రైస్తవ కళాశాలలో కొంతకాలము పనిచేసి, దానిని విడిచిన తరువాత 1938లో విజయవాడ కళాశాలలో చేరువరకు స్థిరమైన కొలువు లేక గడపిరి. ఈ నడిమి యేండ్లలోనే, అనగా 1934లో, వేయిపడగలు పుట్టినది. అప్పటికే ప్రథమ కళత్రము వరలక్ష్మమ్మగారు దివంగతులైరి.

నవల పుట్టిన సందర్భమునకు మన విశాఖతో సంబంధము కలదు. 1926లో బెజవాడలో నెలకొని 1930లో వాల్తేరునకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తెలుగు నవలకు పోటీ ప్రకటించెను. అప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపాధ్యక్షులు. విశ్వనాథవారు చెప్పుచుండగా తమ్ముడు వేంకటేశ్వర్లుగారు వ్రాసిరి. అంత పెద్ద గ్రంథము ఒక నెలలోపలనే ముగిసినదని ప్రసిద్ధి. బహుమానము వేయిపడగలుకును, అడివి బాపిరాజుగారి నారాయణరావునకును సమముగా పంచబడెను. ఇరువురును 1895లో పుట్టినవారే. ఒకే కాలమును చూచిన రెండు జతల కన్నులు ఎంత భిన్నముగా చూచినవో తెలిసికొనగోరువారు ఈ రెండు నవలలను కలిపి చదువవలెను. బాపిరాజుగారికి ఆ కాలము ఉదయమువలె కనబడినది. విశ్వనాథవారికి సాయంసంధ్యవలె కనబడినది.

ఇక అనుభవము ఆఖ్యానముగా మారిన విధమును చూతము. సుబ్బన్నపేటలో నందమూరు ఛాయలు స్పష్టము. ధర్మారావు తండ్రి రామేశ్వరశాస్త్రి దానగుణములో శోభనాద్రిగారు తొంగిచూతురు. జాతీయ కళాశాల, ఉద్యోగనష్టము, ధర్మపత్ని మరణము, ఇవన్నియు గ్రంథకర్త బ్రదుకునుండి వచ్చినవే. కాని మార్చిన చోటులే మరింత బోధకములు. రామేశ్వరశాస్త్రికి నాలుగు వర్ణముల భార్యలుందురు. ఇది శోభనాద్రిగారి చరిత్ర కాదు. వర్ణములన్నియు ఒక గృహమున ఒదిగియుండు సమాజమును చూపుటకు చేసిన కల్పన. తండ్రి అనుభవమునుండి వచ్చెను, తండ్రియొక్క అర్థము విశ్వాసమునుండి వచ్చెను. ఈ భేదమును గ్రహింపక పాత్రలకు మూలవ్యక్తులను వెదకుచు పోయిన పరిశోధకునికి పేర్లు దొరకును గాని నవల దొరకదు.

సుబ్బన్నపేటను కాచు వేయిపడగల సర్పము సుబ్రహ్మణ్యేశ్వరుని రూపము. ఆ పడగలు ఒక్కొక్కటిగా తరిగిపోవుటయే కథ. జమీందారీ, దేవాలయము, సంప్రదాయ విద్య, వేణుగోపాలస్వామికి తన్ను అర్పించుకొన్న గిరిక నృత్యము, దైవవాక్కు పలుకు గణాచారి, అన్నియు ఆ పడగల నీడలోనివే. తుదకు రెండు పడగలు మాత్రము మిగులును. అవి దాంపత్యధర్మమునకు ప్రతీకలు.

ఇచటనే నాకు ఆనందవర్ధనుడు, అభినవగుప్తుడు గుర్తునకు వత్తురు. క్రౌంచవియోగమువలన పుట్టిన శోకమే శ్లోకమైనదని ధ్వనికారుడు చెప్పెను. ఆ శోకము మునియొక్క స్వకీయ శోకము కాదని లోచనకారుడు వివరించెను. స్వంత దుఃఖమున మునిగినవానికి దుఃఖమే యుండును గాని రసము పుట్టదు. దుఃఖము సాధారణీకరణము పొంది, నాది యను ముద్రను వదలినపుడే కరుణరసమగును. విశ్వనాథవారు భార్యావియోగమును వరలక్ష్మీ త్రిశతిలో స్వీయశోకముగా చెప్పుకొనిరి. అదే వియోగము నవలలో అరుంధతి మరణమయ్యెను. త్రిశతిలో ఒక భర్త యేడ్చుచున్నాడు. నవలలో ఒక గ్రామము, ఒక ధర్మము క్షీణించుచుండగా ఒక గృహిణి వెడలిపోవుచున్నది. తన యింటి దీపమారిన పురుషుడు, లోకమున ఇంకను వెలుగుచున్నది దాంపత్యమొక్కటే యని వ్రాసెను. ఇది సామాన్యమైన నమ్మకము కాదు. దుఃఖము తన విశ్వాసమును ఖండించుచున్న వేళ ఆ విశ్వాసమునే కథకు తుదిమాటగా నిలిపిన ధైర్యమది. వేయిపడగలు గొప్పతనము నా దృష్టిలో ఇచటనే యున్నది.

అట్లని గ్రంథమంతయు ఈ స్థాయిలో నున్నదనుట సత్యము కాదు. విద్యావిధానమును గూర్చియు, ఆంగ్లవ్యామోహమును గూర్చియు, సంఘవ్యవస్థను గూర్చియు ధర్మారావు చేయు సుదీర్ఘప్రసంగములు కొన్ని చోట్ల కథను ఆపివేయును. అచట విశ్వాసము పాత్రలో కరుగక అభిప్రాయముగానే మిగిలిపోయినది. వర్ణవ్యవస్థయందు వారికి గల ఆదరమును, ఆ వ్యవస్థవలన బాధపడినవారి దృష్టితో చదువు నేటి పాఠకుడు ప్రశ్నించును. ప్రశ్నించుట న్యాయమే. నేను పాఠశాలలో గురుముఖమున చదువుకొన్నవాడను. ఆ పడగల నీడ నాకును తెలియును. ఆ నీడ అందరిమీద సమముగా పడలేదనియు తెలియును. ఒక కవిని గౌరవించుటకు ఈ రెండవ తెలివిని దాచనక్కరలేదు. తర్కము నిలువని చోట కూడ గిరిక మరణము మనలను కదలించును. అది అభిప్రాయము కాదు, అనుభూతి.

తరువాతి జీవితమును సంగ్రహముగా చెప్పెదను. వేయిపడగలు ఆంధ్రపత్రికలో ధారావాహికముగా వెలువడి ఇంటింటికి చేరెను. పి.వి. నరసింహారావుగారు దానిని సహస్రఫణ్ పేర హిందీలోనికి తెచ్చిరి. ఏకవీర, చెలియలికట్ట, పురాణవైర గ్రంథమాల మొదలగు నవలలతోపాటు, తండ్రి కోరికను శిరసావహించి సుమారు మూడు దశాబ్దములు శ్రమించి శ్రీమద్రామాయణ కల్పవృక్షమును విశ్వనాథవారు పూర్తిచేసిరి. దానికే 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము వచ్చెను. తెలుగునకు అదియే మొదటి జ్ఞానపీఠము. నవలకు బహుమానమిచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తే 1964లో కళాప్రపూర్ణ బిరుదముతో వారిని గౌరవించెను. 1976 అక్టోబరు 18న వారు శివసాయుజ్యమందిరి.

విద్యార్థి ప్రశ్నకు నేనిచ్చు సమాధానమిది. ధర్మారావునకు దేహము విశ్వనాథవారి అనుభవమునుండి వచ్చినది, ప్రాణము వారి ఆస్తిక్యమునుండి వచ్చినది. ఆ రెండింటిని కలిపి, కలిపినవాని పేరు మరచునట్లు చేసినది ప్రతిభ. ఆ పేరు మరచిన పుటలు నిలిచినవి. మరువనీయని పుటలు వాదమునకు మిగిలినవి. అధ్యాపకులు ఈ నవలను బోధించునపుడు రెండు విధముల పుటలను విద్యార్థిచేతనే వేరు చేయింతురుగాక. అపుడు మమ్మటుడు చెప్పిన నిపుణత వారికి సూత్రముగా గాక స్వానుభవముగా తెలియును.