జేమ్స్ థర్బరు వ్యంగ్యచిత్రములు

పూర్వము ఆంగ్ల హాస్యపత్రికలలో బొమ్మ క్రింద ఇద్దరి సంభాషణమును నాలుగైదు పంక్తులలో ముద్రించుట ఆచారము. హాస్యమంతయు ఆ సంభాషణమునందే యుండెడిది. బొమ్మ దానికి అలంకారమాత్రము. 1925లో హెరాల్డ్ రాస్ న్యూయార్కు నగరమున స్థాపించిన 'న్యూయార్కర్' వారపత్రిక ఒక బొమ్మకు ఒకే వాక్యమును జతచేయు పద్ధతిని పెంపొందించెను. ఇందు బొమ్మను గాని వాక్యమును గాని విడదీసినచో నవ్వు పుట్టదు. శబ్దార్థముల సహభావమును చర్చించిన మన ఆలంకారికుల నెరిగినవారికి ఈ బంధము అపరిచితముగా తోపదు. ఆ పత్రికలో పీటర్ ఆర్నో, చార్లెస్ ఆడమ్స్ వంటి సిద్ధహస్తు లుండిరి. వారి నడుమ చిత్రలేఖనమును ఎన్నడును అభ్యసింపని జేమ్స్ థర్బరు వారితో సమానమైన కీర్తి నందుట విశేషము.

థర్బరు 1894 డిసెంబరు 8వ తేదీన ఒహాయో రాష్ట్రములోని కొలంబస్ నగరమున జన్మించెను. 1901లో సోదరులు ఆటలాడుకొనుచుండగా అన్న విలియము వదలిన బాణము తగిలి అతని ఎడమకన్ను పోయెను. గాయపడిన కంటిని వెంటనే తొలగింపకపోవుటచే రెండవ కన్ను గూడ క్రమముగా చెడెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున చేరి, వృక్షశాస్త్రపు తరగతిలో సూక్ష్మదర్శినిగుండా ఏమియు చూడజాలక, పట్టము పొందకయే 1918లో వెడలెను. కొంతకాలము ప్రభుత్వమున సంకేతలిపి గుమాస్తాగను, పిదప విలేఖరిగను పనిచేసి, 1927లో 'న్యూయార్కర్' కార్యాలయమున ప్రవేశించెను.

అచ్చట ఇ. బి. వైట్ అను రచయితతో ఒకే గదిలో పనిచేయుట అతని జీవితమును మార్చెను. థర్బరు పసుపుపచ్చని చిత్తుకాగితములపై పెన్సిలుతో బొమ్మలు గీసి పారవేయుచుండెను. వైట్ వానిని ఏరి, సిరాతో దిద్ది, పత్రికవారికి పంపెను. బండపై కూర్చున్న ఒక సీలు బొమ్మను చిత్రసమితి నిరాకరించి, సీలు మీసము లెట్లుండవలెనో గీసి చూపినది. థర్బరు సీలు మీసములు ఇట్లే యుండునని వైట్ ప్రత్యుత్తర మిచ్చెను. 1929లో వారిరువురు కలసి వ్రాసిన హాస్యగ్రంథమునకు ఆ బొమ్మలనే చేర్చగా, ప్రకాశకులు అవి వేరొక చిత్రకారునికి మార్గము చూపు నమూనాలని భ్రమపడిరి. గ్రంథము విరివిగా అమ్ముడుపోయిన పిదప రాస్ ఆ సీలు బొమ్మను తెమ్మనెను. అది అప్పటికే పోయినది. థర్బరు మరల గీయబూనగా బండ మంచపు తలవైపు పలకవలె వచ్చెను. అంతట అతడు దానిని మంచముగనే చేసి, అందు దంపతులను పరుండబెట్టెను; సీలు అరపు విన్నానను భర్త మాటను భార్య నమ్మదు, సీలు వారి తలలమీదనే యున్నది. ఇది 1932 జనవరి 30వ తేదీ సంచికలో వెలువడెను.

ఇట్టిదే మరియొకటి. మెట్లపై నున్న స్త్రీని గీయబోగా మెట్లు పుస్తకముల బీరువాగా మారినవి. అతిథికి తన ప్రస్తుతపు భార్యను పరిచయము చేయుచున్న గృహస్థుడు, బీరువాపై నున్నది మొదటి భార్య యని చెప్పినట్లు వాక్యము కూర్చబడెను. ఆమె బ్రతికి యున్నదా, చనిపోయినదా యని రాస్ కలవరపడి అడిగెనట! కత్తిసాములో ఒకడు ప్రత్యర్థి తల నరికిన చిత్రమునకు ఊహ కార్ల్ రోజ్ అను చిత్రకారునిది. ఆయన గీసినచో భయానకమగునని తలచి రాస్ దానిని థర్బరునకు ఒప్పగించెను. థర్బరు మనుష్యులలో రక్త ముండదు. తెగిన తల సైతము మరల అతుకుకొనునట్లు కనబడును. శిక్షణలేమి ఇచ్చట లోపము కాక రసభంగమును వారించినది.

చూపు తక్కువగుటచేతనే అతడట్లు గీసెననుట సమంజసము కాదు. పైని చెప్పిన చిత్రము లన్నియు ఒక కంటితో చక్కగా చూడగలిగిన దినములలోనివే. రెండవ ప్రపంచయుద్ధ మారంభమైన 1939లోనే, యుద్ధముచే నశించిన లోకమున మిగిలిన ఒక్క పువ్వు కథను 'ది లాస్ట్ ఫ్లవర్' అను పేర బొమ్మలతో వెలువరించెను. 1940, 1941 సంవత్సరములలో ఐదు శస్త్రచికిత్సలు జరిగినను కన్ను నిలువలేదు. పిమ్మట తలకు భూతద్దము తగిలించుకొని పెద్ద కాగితములపై గీసెను. అదియు చాలనపుడు నల్లని కాగితముపై తెల్లని సుద్దతో గీసెను. 1950లో తన బాలకథ 'ది థర్టీన్ క్లాక్స్'కు మార్క్ సిమాంట్ చేత బొమ్మలు వేయించుకొనవలసి వచ్చెను. 1951 జూలైలో 'టైమ్' పత్రిక ముఖపత్రమునకు గీసిన స్వీయచిత్రముతో అతని చిత్రరచన ముగిసినదందురు.

రచన మాత్రము ఆగలేదు. వాక్యములను మనస్సులోనే కూర్చుకొని ఇతరులచే వ్రాయించుచుండెను. వాక్యమును చెప్పి వ్రాయింపవచ్చును. రేఖను చెప్పి గీయింప వీలులేదు. పాతబొమ్మలకు క్రొత్త వాక్యములు చేర్చి ముద్రించు ప్రయత్నము గూడ జరిగెను గాని, ఒకదానికై పుట్టినది మరియొకదానితో అతుకలేదు. 1960లో తన రచనల నాటకరూపమున తానే వేషము ధరించి 88 ప్రదర్శనములలో పాల్గొనెను. 1961 నవంబరు 2వ తేదీన న్యూయార్కులో మరణింపగా, అతని అస్థికలను కొలంబస్ నగరపు శ్మశానవాటికలో భూస్థాపితము చేసిరి.