ఏనుగుల వీరాస్వామయ్య

కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మన పెద్దలు అనేవారు. రైళ్ళు లేని ఆ రోజుల్లో అడవులు, నదులు, దొంగల భయం దాటుకొని వెళ్ళినవారు తిరిగి వస్తారన్న నమ్మకం ఉండేది కాదు. అటువంటి కాలంలో కాశీయాత్ర చేసి, క్షేమంగా తిరిగివచ్చి, చూసిన విశేషాలను తెలుగులో రాసిపెట్టిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్య.

ఆయన 1780 ప్రాంతంలో చెన్నపట్నంలో జన్మించారు. తొమ్మిదో ఏటనే తండ్రిని కోల్పోయారు. అయినా పట్టుదలతో ఇంగ్లీషు నేర్చుకొని, చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ అయ్యారు. ఒకరి మాటను మరొకరి భాషలో తెలియజెప్పడమే దుబాసీ పని.

1830 మే 18న వీరాస్వామయ్య యాత్రకు బయలుదేరారు. కుటుంబంవారు, బంధువులు, పల్లకీ మోసే బోయీలు, పరిజనులు కలిసి సుమారు నూరుమంది ఆయన వెంట నడిచారు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం దర్శించి, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగకు, అక్కడి నుంచి కాశికి చేరారు.

కాశిని గూర్చిన కథలు తెలుగువారికి కొత్తవి కావు. ఆ పట్టణం శివుని త్రిశూలంపై నిలిచి ఉందని, ప్రళయంలో కూడా నశించదని పురాణాలు చెబుతాయి. ఒకప్పుడు వ్యాసుడికి అక్కడ భిక్ష దొరకలేదట. ఆకలికి తాళలేక ఆయన కాశిని శపించబోగా, అన్నపూర్ణ గృహిణి రూపంలో వచ్చి అన్నం పెట్టిందట. కోపాన్ని అణచుకోలేనివాడు కాశిలో ఉండతగడని శివుడు వ్యాసుణ్ణి వెళ్ళగొట్టాడట. ఆ వ్యాసుడే దక్షారామానికి వచ్చాడని శ్రీనాథుని భీమఖండం చెబుతుంది.

వీరాస్వామయ్య స్థలపురాణాలను భక్తితో విన్నారు. కాని అక్కడితో ఆగలేదు. ఏ ఊరికి ఎంత దూరం, దారి ఎలా ఉంది, బసకు చోటు, మంచినీరు, సరుకులు దొరుకుతాయా అన్న సంగతులు మజిలీ మజిలీకి రాసుకున్నారు. తరువాత వచ్చే యాత్రికులు కష్టపడకూడదన్నదే ఆయన కోరిక. శ్రీశైలంలో కందనూరు నవాబు యాత్రికుల నుంచి పన్ను వసూలు చేస్తూ, ఆలయాల బాగోగులు పట్టించుకోని సంగతిని కూడా దాచకుండా రాశారు.

గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకొని, సముద్రతీరపు దారిన 1831 సెప్టెంబరు 3న ఆయన చెన్నపట్నం చేరారు. యాత్ర పదిహేను నెలలకు పైగా సాగింది. 1836లో ఆయన మరణించారు. ఆయన రాతలను భద్రపరచిన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె 1838లో వాటిని 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో అచ్చు వేయించారు.

పండితులు గ్రాంథికంలో రాసే ఆ రోజుల్లో వీరాస్వామయ్య ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాశారు. తమిళసీమలో పుట్టి పెరిగిన ఆయన రచన నాటి దేశస్థితిని తెలిపే చరిత్రగా నేటికీ నిలిచి ఉంది. చూసినదానిని ఉన్నదున్నట్లు, పదిమందికీ ఉపయోగపడేలా రాయడం ఆయన నుంచి మనం నేర్చుకోవలసిన గుణం.