పదములకు వరుస కూర్చిన వైద్యుడు

తెలియని పదము కనబడినప్పుడు నిఘంటువు తెఱచి దాని అర్థమును తెలిసికొందుము. కాని భావము మనస్సున స్పష్టముగా నుండియు, దానికి తగిన పదము స్ఫురింపనప్పుడు అకారాది నిఘంటువు మనకు తోడ్పడదు. అట్టి సమయమున సాయపడు గ్రంథమును ఆంగ్లభాషకు సమకూర్చి యిచ్చిన మహనీయుడు పీటర్ మార్క్ రోజే. ఆయన వృత్తిచే భాషాపండితుడు కాడు, వైద్యుడు.

రోజే 1779వ సంవత్సరము జనవరి 18వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి జెనీవా నగరమునుండి వచ్చిన క్రైస్తవ మతాచార్యుడు. ఆయన 1783లో క్షయవ్యాధిచే మరణించెను. అప్పటికి బాలునకు నాలుగేండ్లు. తల్లి కాథరిన్ ఒకచోట స్థిరముగా నిలువక, పిల్లలతో ఊళ్లు మాఱుచుండెను. మేనమామయు, ప్రసిద్ధ న్యాయవాదియు నగు సామ్యూల్ రోమిల్లీ ఆ కుటుంబమునకు అండగా నుండెను. విషయములను వర్గములుగా విభజించి పట్టికలు వ్రాసికొనుట రోజేకు చిన్ననాటనే అలవడెను. ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి, 1798లో, పందొమ్మిదేండ్ల ప్రాయముననే వైద్యపట్టము పొందెను.

1802లో ఆయన మాంచెస్టరుకు చెందిన ఒక ధనికుని కుమారుల నిద్దఱిని వెంటబెట్టుకొని, వారికి ఉపాధ్యాయుడుగా యూరపు ఖండమున పర్యటింప బయలుదేఱెను. మఱుసటి సంవత్సరము వారు జెనీవాలో నుండగా ఇంగ్లండునకును ఫ్రాన్సునకును యుద్ధము మొదలయ్యెను. అప్పటికి జెనీవా ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఆంగ్లేయులను బంధింపుడని నెపోలియను ఆజ్ఞ యిచ్చెను. పరుల పిల్లలు తన రక్షణలో నున్నారు. తానో చెఱసాల వాకిట నున్నాడు. అయినను రోజే ధైర్యము వీడలేదు. తన తండ్రి పుట్టిన ఊరు జెనీవాయే కావున తానును ఆ నగర పౌరుడనేయని వాదించి, అందుకు తగిన పత్రమును సంపాదించెను. పిల్లలతో కూడ జర్మను ప్రాంతములగుండా క్షేమముగా స్వదేశము చేరెను.

పిమ్మట మాంచెస్టరు వైద్యశాలలో పనిచేయుచు, 1805లో తన వ్రాతలకు ఉపకరించునట్లు పదముల పట్టిక నొకదానిని వర్గక్రమమున వ్రాసికొనెను. అది ప్రకటించుటకు గాదు. తన సొంత అవసరమునకే. 1808లో లండనుకు వచ్చి వైద్యము సాగించుచు, శాస్త్రపరిశోధనలు చేసెను. గణితమున ఉపయోగపడు ఒక క్రొత్తరకపు కొలబద్దను కల్పించినందున 1815లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకొనెను. 1827 మొదలు 1848 వఱకు ఆ సంస్థకు కార్యదర్శిగా నుండెను.

ఈ కీర్తి వెంట దుఃఖములును వచ్చినవి. తండ్రివలె తన్ను పెంచిన మేనమామ 1818లో భార్య మరణమును భరింపలేక, కొన్ని దినములకే అసువులు బాసెను. వైద్యుడై దగ్గఱ నుండియు రోజే ఆయనను కాపాడజాలకపోయెను. 1824లో తాను పెండ్లాడిన మేరీ 1833లో ఇద్దఱు బిడ్డలను విడిచి మరణించెను. అయినను ఆయన తన విధులను విడువలేదు.

కార్యదర్శి పదవి విడిచిన పిదప, ఇంక విశ్రాంతియే యని యెల్లరు తలచు వయస్సున, ఆయన తన పాత పట్టికను చేతబట్టెను. దానిని పెంచి, దిద్ది, 1852లో, తన డెబ్బదిమూడవ యేట ప్రకటించెను. అదియే థెసారస్. గ్రీకు భాషనుండి వచ్చిన ఈ పదమునకు నిధి యని అర్థము. అందు భావములన్నియు ఆఱు ప్రధాన వర్గములుగను, సుమారు వేయి శీర్షికలుగను విభజింపబడినవి. పరస్పర విరుద్ధములైన భావములు ప్రక్కప్రక్కన నిలిచినవి.

ఒకదాని వెంట నొకటిగా వచ్చు వస్తువులను, సంఘటనలను దెలుపు పదములన్నియు అందు అవిచ్ఛిన్నత యను అర్థముగల శీర్షిక క్రింద చేరినవి. మన భాషలోనే చూడుడు. చీమలు బారులు తీరును, కొండలు శ్రేణులై నిలుచును, పూలు మాలయగును, వాన ధారగా కురియును, గురుశిష్యులది పరంపర. వీని మూలభావము వరుసయే. కాని చీమల మాల యనినను, పూల పరంపర యనినను విన్నవారు నవ్వుదురు. పర్యాయపదములు అక్కచెల్లెండ్రవంటివి, పోలికయుండును గాని ఒకరు మఱియొకరు కారు. అందువలననే రోజే పదములకు అర్థములు వ్రాయక, వానిని ప్రక్కప్రక్కన నిలిపి, ఎన్నుకొను భారమును చదువరికే విడిచెను.

మన పూర్వులు కంఠస్థము చేసిన అమరకోశమును గూర్చి రోజే తన పీఠికలో పేర్కొనెను. కోల్‌బ్రూకు ఆంగ్లములోనికి తెచ్చిన ఆ గ్రంథము 1808లో శ్రీరాంపురమున అచ్చయినది. అమూర్త భావముల విషయమున దాని విభజన సరిగాలేదని రోజే అభిప్రాయపడెను. అయినను పదములను అకారక్రమమున గాక అర్థమునుబట్టి కూర్చు మార్గమును అమరసింహుడు ఎన్నో శతాబ్దములకు ముందే త్రొక్కియుండెను.

రోజే తుదివఱకు తన గ్రంథమును దిద్దుచునే యుండి, 1869 సెప్టెంబరు 12వ తేదీన, తొంబదియేండ్ల వయస్సున దివంగతుడయ్యెను. తరువాత ఆ పనిని కుమారుడు జాన్ లూయీయు, అటుపిమ్మట మనుమడు సామ్యూల్ రోమిల్లీ రోజేయు కొనసాగించిరి. దానికి తగిన పేరు పరంపరయే.

బాలబాలికలారా! వ్రాయునప్పుడు మొదట తోచిన పదముతోనే తృప్తి చెందకుడు. దాని తోబుట్టువులను కూడ పిలిచి చూచి, తగినదానినే ఎన్నుకొనుడు.