దీపము పట్టిన చేతుల అలసట

ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే మన సండేస్కూలు పిల్లలు కూడా చేతిలో దీపము పట్టుకొన్న స్త్రీ అని చెబుతారు. ఆ దీపమును గూర్చి కాక, ఆ తర్వాత ఆమె మోసిన భారమును గూర్చి వ్రాయాలని మేము తలచాము. నర్సు పనిలో ఉన్న కుమార్తెలు, కోడళ్ళు మన సంఘములలో ఎందరో ఉన్నారు గదా!

ఆమె 1820 మే 12న ధనిక ఆంగ్ల కుటుంబములో జన్మించారు. పదహారవ యేట దేవుడు తనను సేవకు పిలిచాడని నమ్మారు. ఇంటివారు చాలాకాలం ఒప్పుకోలేదు. ఆ దినాలలో నర్సు పనికి గౌరవం లేదు. 1854 నవంబరులో క్రిమియా యుద్ధ సమయమున 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరారు. ఆ చలికాలంలో గాయాల కంటె కలరా, రక్త విరేచనాలు, టైఫస్ జ్వరం ఎక్కువమందిని తీసుకుపోయాయి. రాత్రివేళ మంచాల మధ్య తిరిగి, చనిపోయిన వారి ఇండ్లకు తానే ఉత్తరాలు వ్రాసేవారు. 1855 మార్చిలో వచ్చిన ప్రభుత్వ బృందం మురుగు కాలువలు బాగుచేయించిన తర్వాత గాని మరణాలు బాగా తగ్గలేదు.

అదే సంవత్సరం మే నెలలో ఆమెకే జ్వరం సోకి చావు అంచువరకు వెళ్ళారు. 1856లో సన్మానాలు తప్పించుకొని మారుపేరుతో ఇల్లు చేరారు. మరుసటి యేడే కూలిపోయారు. అటుపిమ్మట ఎన్నో యేండ్లు గది దాటడమే అరుదు. ఆ జ్వరపు శేషమని కొందరు వైద్యులు, మనోవేదన అని కొందరు అంటారు. రెండూ కావచ్చునని మాకు తోస్తుంది. చనిపోయిన సైనికులను ఆమె మరువలేకపోయారు. మురికి, ఇరుకు ఎందరిని చంపాయో పడకమీదనే లెక్కలు కట్టి ప్రభుత్వము ముందుంచారు. మన దేశపు కరవులను గూర్చీ వ్రాశారు. గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొర కాలువల వాదమును బలపరిచారు.

తన్నుతాను కనికరించుకోలేదు, ఇతరులనూ విడిచిపెట్టలేదు. ఆమె మిత్రుడైన మంత్రి సిడ్నీ హెర్బర్ట్ జబ్బుతోనే ఆ సంస్కరణల పని చేస్తూ 1861లో కన్నుమూశారు. 1860లో లండనులో ఆమె పేర తెరచిన నర్సుల బడిలో తర్ఫీదైన ఆగ్నెస్ జోన్స్, లివర్‌పూల్ పేదల ఆసుపత్రిలో శక్తికి మించి శ్రమించి, 1868లో టైఫస్‌తో 35వ యేట మరణించింది. నైటింగేల్ గారు ఎంతో దుఃఖించి ఆమెను గూర్చి వ్యాసం వ్రాశారు.

1872 నుండి తన బడి నర్సులకు ఉత్తరాలు వ్రాయసాగారు. వారిని ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, కష్టసుఖాలు విచారించేవారు. 1910 ఆగస్టు 13న, తొంబై యేండ్లు నిండాక, నిద్రలోనే కన్నుమూశారు.