పుట్టబోయేవారి పక్షాన నిలిచిన హాన్స్ యోనాస్

సైన్సు విద్యార్థులమైన మనకు కనిపెట్టినవాళ్ల పేర్లు బాగా తెలుసు. కనిపెట్టినదాన్ని ఎంతవరకు వాడొచ్చని అడిగినవాళ్ల పేర్లు అంతగా తెలియవు. అలా అడిగిన ఒక మహానుభావుడు హాన్స్ యోనాస్.

ఆయన 1903లో జర్మనీలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. మార్బుర్గ్‌లో హైడెగర్ శిష్యుడై 1928లో డాక్టరేట్ పొందారు. 1933లో హిట్లర్ గద్దెనెక్కగానే గురువుగారు నాజీ పార్టీలో చేరారు, శిష్యుడు దేశం విడిచారు. తిరిగొస్తే గెలిచిన సైన్యంలో సైనికుడిగానే వస్తానని ఒట్టు పెట్టుకున్నారు. 1945లో బ్రిటిష్ సైన్యంలోని యూదు బ్రిగేడ్‌తో వచ్చి మాట నిలబెట్టుకున్నారు. కాని తల్లి లేదు. ఆమెను ఔష్విట్జ్‌లో చంపేశారని అప్పుడే తెలిసింది.

1955 నుంచి 1976 వరకు న్యూయార్క్‌లోని న్యూ స్కూల్‌లో పాఠాలు చెప్పారు. వైద్య ప్రయోగాలకు ముందుగా ఒళ్లు అప్పగించవలసింది పరిశోధకులేనని 1969లో రాశారు. ఎందుకంటే ఏం జరగబోతోందో తెలిసి ఒప్పుకోగలిగేది వాళ్లే. కాదనలేని నిరుపేదను, తెలియని రోగిని చివరికి గాని అడగకూడదన్నారు. 1968లో హార్వర్డ్ కమిటీ మెదడు ఆగిపోవడాన్ని మరణంగా లెక్కించమంటే, అవయవాల అవసరం కోసం చావుకు అర్థం మార్చొద్దని ఎదురు నిలిచారు. అందులో లోకం ఆయన మాట వినలేదు. మన దేశంలోనూ 1994 చట్టం మెదడు మరణాన్ని ఒప్పుకుంది. అవయవదానం మంచిదనే నేనూ నమ్ముతాను. అయినా అలా నిలదీసేవాడు ఒకడు ఉండబట్టే డాక్టర్లు జాగ్రత్తగా ఉంటారనిపిస్తుంది.

1979లో బాధ్యత గురించి పెద్ద గ్రంథం రాశారు. ఏళ్ల తరబడి ఇంగ్లీషులో బోధించినా, తల్లిని బలిగొన్న దేశపు భాషలోనే, తన మాతృభాషలోనే రాశారు. మనిషి చేతికి అంతులేని శక్తి వచ్చింది కనుక బాధ్యత కూడా ఇంకా పుట్టనివారి దాకా సాగాలన్నది దాని సారాంశం. లాభం వస్తుందనే ఆశకన్నా సర్వనాశనమవుతుందనే హెచ్చరికను ముందు వినమన్నారు. మా రైతుల ఇళ్లల్లో ఈ సంగతి కొత్తదేం కాదు. ఎంత కరువొచ్చినా విత్తనాల వడ్లు దంచుకోరు. అవి వచ్చే ఏటివి. యోనాస్ ఆ లెక్కను భూమండలమంతటికీ వేశారు.

1987లో జర్మన్ పుస్తక వ్యాపారుల శాంతి బహుమతి ఆయనకే దక్కింది. 1993లో కన్నుమూశారు.

మిత్రులారా, మన ప్రాక్టికల్ రికార్డులో ఉద్దేశ్యం, పరికరాలు, విధానం, ఫలితం రాస్తాం. ఆ ఫలితం ఎవరి నెత్తిన పడుతుందో రాయడానికి గడి లేదు. రేపు ఉద్యోగాల్లోకి వెళ్లాక ఆ గడి మనమే గీసుకోవాలి.