పక్షిశాస్త్రవేత్త సలీం అలీ

సలీం అలీ 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదిన బొంబాయి నగరమున జన్మించెను. శైశవమునందే తలిదండ్రులను కోల్పోయి మేనమామ యింట పెరిగెను. బాల్యమున ఒకనాడతడు గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని కంఠమున పసుపుపచ్చని మచ్చ యుండెను. అది యే జాతిదో తెలిసికొనగోరి బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పోయెను. కార్యదర్శియగు మిల్లార్డు దొర దాని పేరు చెప్పి, అచట భద్రపఱచిన పక్షులనెల్ల చూపెను. నాటినుండి పక్షులే అతని లోకమయ్యెను.

అతనికి విశ్వవిద్యాలయ పట్టము లేదు. బర్లినులో పక్షిశాస్త్రము నభ్యసించి మరలివచ్చునప్పటికి, ధనాభావముచే బొంబాయి మ్యూజియములోని అతని యుద్యోగము రద్దయ్యెను. నిరుద్యోగియై 1930లో భార్య తెహ్మినాతో కిహిం అను సముద్రతీర గ్రామమున నివసించెను. అచట గిజిగాళ్లు గూళ్లు కట్టుచుండెను. అతడు నెలల తరబడి ఓపికతో వానిని కనిపెట్టి చూచెను.

పాలమూరు సీమలో కొత్తకోట, వనపర్తి ప్రాంతములందు ఈతచెట్లకును, బావులపైకి వంగిన కొమ్మలకును వ్రేలాడు గిజిగాని గూళ్లను మీరు చూచియే యుందురు. వానిలో కొన్ని సగము కట్టి విడిచినవి. దీనికి కారణమేమి? మగపక్షి వరియాకులను, గడ్డిపోచలను సన్నగా చీల్చి తెచ్చి గూటిని సగమువఱకు అల్లును. అంతట ఆడుపక్షులు వచ్చి పరీక్షించును. నచ్చిన గూటిని ఒకటి స్వీకరించును. అప్పుడు మగపక్షి గొట్టమువంటి ద్వారము నల్లి దానిని పూర్తిచేయును. నచ్చని గూడు అట్లే నిలిచిపోవును. పిదప మగపక్షి వేఱొక గూటి నారంభించి మఱియొక ఆడుపక్షిని పిలుచును. సలీం అలీ ఈ విషయములను 1931లో ప్రకటించెను.

వర్షాకాలమున గడ్డి ఏపుగా పెరుగును. పిల్లల మేతకు పురుగులు దొరకును. నీటిపై వ్రేలాడు గూటిని పాములు చేరుట కష్టము. వాన, గడ్డి, పురుగు, పక్షి ఒకదానితో నొకటి ముడిపడియున్నవి.

ఆ కాలపు శాస్త్రజ్ఞులు పక్షులను చంపి, చర్మములను భద్రపఱచి, పేర్లు పెట్టుటయే ప్రధానముగా నెంచుచుండిరి. సలీం అలీయు నమూనాలు సేకరించెను. కాని బ్రతికియున్న పక్షి యెచట నుండును, ఏమి తినును, ఎప్పుడు పిల్లలను పెంచును అనునవియే ముఖ్యమని అతని మతము. జీతము లేకయే, ఖర్చులు మాత్రము గ్రహించి పరిశోధింతునని అతడు సంస్థానములకు తెలిపెను. నిజాం ప్రభుత్వ మంగీకరింపగా 1931లో హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే ఆరంభమయ్యెను. నేడు నాగర్‌కర్నూలు జిల్లాలోనున్న మన్ననూరు, ఫరహాబాదు అడవులలో దంపతులు గుడారములందు నివసించిరి. శిబిరభారమంతయు తెహ్మినా వహించెను. 1939లో ఆమె మరణించినను అతడు కృషి మానలేదు. 1941లో వెలువడిన అతని గ్రంథము సామాన్యులకు సైతము పక్షులను గుర్తింప నేర్పెను. 1976లో ప్రభుత్వము అతనిని పద్మవిభూషణ బిరుదముతో గౌరవించెను.

1900 తరువాత ఎవ్వరికిని కానరాని కలివికోడి, 1986లో కడప జిల్లా ముండ్లపొదలలో మరల కనబడెను. దానిని వెదకి కనుగొన్నది అతని సంఘమువారే. ఆ పొదలను నఱికివేసినచో కలివికోడికి వేఱు నివాసము లేదు. పక్షిని కాపాడుట యనగా అది నివసించు నేలను కాపాడుటయే. ఈ సత్యమును జీవితమంతయు చాటిన సలీం అలీ 1987 జూను 20వ తేదిన పరమపదించెను.